సర్వర్లో ఏముందో లాప్‌టాప్‌లోనూ అదే: వెబ్ అప్లికేషన్ కోసం వర్చువల్ మెషీన్ సిద్ధం చేసుకునే పద్ధతి

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయనకి కొన్నేళ్ల కిందట స్టాకు లెక్కలకీ, లారీ లోడింగ్ బిల్లులకీ ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరున్న నా గదిలో, విండోస్ లాప్‌టాప్ మీద అది నెల రోజులు చక్కగా నడిచింది. సర్వర్లోకి ఎక్కించిన మర్నాడే ఫోన్ వచ్చింది. "ఏటి బాబూ ఇది, పేర్లన్నీ ప్రశ్న గుర్తులైపోనాయి!"

చూస్తే నిజమే. "శ్రీకాకుళం" ఉండాల్సిన చోట వరసగా పది ప్రశ్న గుర్తులు. వారం తిరక్కుండా ఇంకో రెండు బయటపడ్డాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లోడైన లారీ బిల్లు ముందురోజు తేదీతో వస్తోంది. జీడిపప్పు గ్రేడుల ఫొటోలు సగం కనపడట్లేదు.

మూడింటికీ మూలం ఒకటే. నా లాప్‌టాప్ వేరు, ఆ సర్వర్ వేరు. నా దగ్గర మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 8వ వెర్షన్ ఉంది, అది తెలుగుని మామూలుగానే తీసుకుంటుంది. అక్కడ పాత వెర్షన్, దాని డేటాబేస్ లాటిన్ అక్షరాల అమరికలో ఉంది. నా గడియారం మన టైములో నడుస్తుంది, సర్వర్ గడియారం యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైములో. మన నాలుగున్నర అంటే అక్కడ ముందురోజు రాత్రి పదకొండు. ఇక ఫొటోల సంగతి: విండోస్‌కి ఫైలు పేరులో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే, సర్వర్లో నడిచే లినక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు.

అప్పటి నుంచి నేను ఏ ప్రాజెక్టూ నేరుగా విండోస్ మీద రాయట్లేదు. లాప్‌టాప్ లోపలే ఒక లినక్స్ వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టుకుని, సర్వర్లో ఏముంటే అందులోనూ అదే ఉంచి, అక్కడే రాస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల నుంచి నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి మొదటి రోజు చేయించేదీ ఇదే. ఈ పనిలో ఒక్క విషయం మాత్రం మొదటి నుంచీ మనసులో పెట్టుకోండి: ఈ మెషీన్‌ని ఎప్పుడు కావాలంటే అప్పుడు పారేసి, గంటలో మళ్లీ కట్టుకోగలగాలి. కింద చెప్పే ప్రతి నిర్ణయం వెనకా ఉన్నది ఆ ఆలోచనే.

ఒక మాట. ఆదేశాలను ఇక్కడ చదివినట్టుగా తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. ఒక్కో పదం మధ్య ఒక్క ఖాళీ. హైఫన్ అన్నచోట మాత్రం దాన్ని తర్వాతి పదానికి అంటించే రాయాలి.

ముందు లాప్‌టాప్ సంగతి

8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా సరిపోతుంది. 4 జీబీ ఉన్నా చేయొచ్చు, కానీ వీఎం నడుస్తున్నప్పుడు బ్రౌజర్లో రెండు మూడు ట్యాబులకి మించి తెరవకండి. డిస్కు మాత్రం ఎస్‌ఎస్‌డీ అయి ఉండాలి. పాత హార్డ్ డిస్కు మీద ఈ పని చేస్తే ప్రతి చిన్నదానికీ ఎదురుచూపులే, రెండో రోజుకే విసుగొస్తుంది. ర్యామ్ పెంచడానికీ, ఎస్‌ఎస్‌డీ వేయించడానికీ మధ్య ఒకటే ఎంచుకోవాల్సి వస్తే ఎస్‌ఎస్‌డీ వేయించండి.

తర్వాత చూడాల్సింది ప్రాసెసర్లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా లేదా. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబులో సీపీయూ మీద నొక్కితే కింద "వర్చువలైజేషన్" అన్న వరస కనిపిస్తుంది. ఎనేబుల్డ్ అని ఉంటే మంచిది. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లాలి. లాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కుతారు, మిగతావి కంపెనీని బట్టి మారతాయి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే "ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ" అనీ, ఏఎండీ అయితే "ఎస్‌వీఎం మోడ్" అనీ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి సేవ్ చేయండి. బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు మీ విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని, దాని రికవరీ కీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. బయోస్ మార్చాక కొన్ని లాప్‌టాప్‌లు ఆ కీ అడుగుతాయి, అప్పుడు వెతుక్కుంటే టెన్షన్.

దింపుకోవాల్సినవి

రెండే. ఒకటి వర్చువల్‌బాక్స్. వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్ ఇది, ఒరాకిల్ వాళ్లది, ఉచితం. రెండోది ఉబుంటు అనే లినక్స్ రకం, సర్వర్ 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చేది) ఐఎస్‌ఓ ఫైలు, అంటే ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ వెర్షన్‌కి ఐదేళ్ల పాటు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. డెస్క్‌టాప్ వెర్షన్ వద్దు. దాని కిటికీలు, బొమ్మలు ర్యామ్ తినేస్తాయి, మనకి వాటితో పని లేదు. మీ సర్వర్లో 22.04 ఉంటే మీరూ 22.04 దింపుకోండి. కొత్తది కదా అని 24.04 పెట్టుకుంటే మొదట చెప్పిన చిక్కులే మళ్లీ మొదలవుతాయి.

ఆ ఐఎస్‌ఓ 3 జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. రోజుకి 2 జీబీ డేటా ప్యాకుతో ఫోన్ హాట్‌స్పాట్ మీద దింపేవాళ్లు మధ్యలో ఆగిపోయినా కొనసాగించగల డౌన్‌లోడ్ మేనేజర్ వాడండి. దిగాక ఫైలు సరిగా దిగిందో లేదో తప్పకుండా సరిచూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో "సర్ట్‌యుటిల్, హైఫన్ హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, ఎస్‌హెచ్‌ఏ256" కొడితే పొడుగాటి అంకెల, అక్షరాల వరస వస్తుంది. ఉబుంటు సైటులో ఇచ్చిన వరసతో అది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పాడైన ఐఎస్‌ఓతో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, సగంలో వచ్చే అర్థం కాని ఎర్రర్లతో ఒక రాత్రంతా కుస్తీ పట్టిన పిల్లల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొత్త మ్యాక్‌లు వాడేవాళ్లకి ఒక తేడా ఉంది. వాటిలో ప్రాసెసర్ ఆర్మ్ రకం, కాబట్టి ఐఎస్‌ఓ కూడా ఆర్మ్64 దే దింపాలి. మిగతా కథంతా ఇంచుమించు ఇదే.

మెషీన్ తయారీ

వర్చువల్‌బాక్స్‌లో "న్యూ" నొక్కండి. పేరు దగ్గర ప్రాజెక్టు పేరు పెట్టండి, ఉదాహరణకి పలాస-డెవ్. ఐఎస్‌ఓ చూపించండి. అక్కడే "స్కిప్ అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్" అని ఒక గడి ఉంటుంది, వెర్షన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూగా కనిపించొచ్చు. అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్ జరగకుండా చూసుకోండి. అది జరిగితే వర్చువల్‌బాక్స్ తనకి తోచినట్టు ఇన్‌స్టాల్ చేసేస్తుంది, మనం చూసుకోవాల్సినవి మన చేతిలో ఉండవు.

ర్యామ్ 2048 ఎంబీ, ప్రాసెసర్లు 2, డిస్కు 25 జీబీ. డిస్కు "డైనమిక్" రకంగానే ఉంచండి. అంటే 25 జీబీ ఒక్కసారే పట్టుకోకుండా, లోపల నింపేకొద్దీ ఫైలు పెరుగుతూ పోతుంది.

మొదలుపెట్టాక కిటికీ కింద వరసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్ తన సొంత వర్చువలైజేషన్ వ్యవస్థ హైపర్-వీని వాడుకుంటోందనీ, వర్చువల్‌బాక్స్ దాని మీద నడుస్తోందనీ అర్థం. పని ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది. చాలాసార్లు దానికి కారణం విండోస్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ. వేగం కోసం ఆ రక్షణని తీసేయమని నేను ఎవరికీ చెప్పను. సర్వర్ వెర్షన్‌కి ఆ వేగం చాలు.

వీఎం కిటికీలోంచి మౌస్ బయటికి రాకపోతే కంగారు పడకండి. కీబోర్డు కుడివైపు కంట్రోల్ నొక్కితే వచ్చేస్తుంది.

ఉబుంటు ఎక్కించడం, సగం డిస్కు మాయమయ్యే చోటు

ఇన్‌స్టాలర్ అడిగేవాటిలో చాలావాటికి ఎంటర్ కొడుతూ పోవచ్చు. భాష ఇంగ్లీషు, ప్రాక్సీ ఖాళీ, మిర్రర్ అది చూపించిందే. మూడు చోట్ల మాత్రం ఆగాలి.

మొదటిది స్టోరేజ్. మామూలు పద్ధతిలో డిస్కు మొత్తం ఇచ్చేస్తే ఉబుంటు దాన్ని ఎల్‌వీఎం పద్ధతిలో, అంటే తర్వాత సైజు మార్చుకోగల భాగాలుగా పంచుతుంది. 25 జీబీలో బూట్‌కి 2 జీబీ పోగా మిగిలిన దాంట్లో సగమే, అంటే పదకొండున్నర జీబీ దాకా మాత్రమే మనకి ఇస్తుంది. మిగతా సగం ఖాళీగా పక్కన ఉంచేస్తుంది. తర్వాత పెంచుకోవడానికి వీలుగా అలా చేస్తుంది కానీ, తెలియనివాళ్లు రెండు నెలల తర్వాత "డిస్కు నిండిపోయింది" అన్న ఎర్రర్ చూసి కొత్త వీఎం కట్టుకుంటారు. స్టోరేజ్ సారాంశం చూపించే తెరలో "ఉబుంటు-ఎల్‌వీ" అన్న వరస మీదకి వెళ్లి, ఎడిట్ నొక్కి, సైజు దగ్గర అది చూపించే గరిష్ఠ అంకె వేయండి. అక్కడితో అయిపోయింది.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసినవాళ్లు మళ్లీ మొదటికి రానక్కర్లేదు. "సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్" అన్న ఆదేశంతో (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం) ఆ వాల్యూమ్‌కి మిగిలిన ఖాళీ వంద శాతం ఇచ్చి, తర్వాత "సుడో రీసైజ్2ఎఫ్‌ఎస్" తో ఫైల్ సిస్టమ్‌ని సాగదీయాలి. రెండోది మర్చిపోతే డిస్కు లెక్క చూపించే "డీఎఫ్ హైఫన్ హెచ్" లో ఏ మార్పూ కనపడదు. డబ్బా పెద్దదైంది కానీ లోపలి అర ఇంకా పాతదే అన్నమాట.

రెండో చోటు, యూజర్ పేరు. చిన్నది పెట్టండి, రోజూ టైప్ చేయాల్సింది మీరే. మూడోది "ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్" అన్న గడి. ఎస్‌ఎస్‌హెచ్ అంటే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి. స్పేస్ కొట్టి టిక్ పెట్టండి. తర్వాత వచ్చే స్నాప్‌ల (అదనపు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల) జాబితాలో ఏదీ ఎంచుకోకండి. అందులో డాకర్ ఉంది కదా అని టిక్ పెట్టేవాళ్లున్నారు. కావాలంటే తర్వాత, చివర్లో చెప్పబోయే వీఎం కట్టే స్క్రిప్టులో పెట్టుకోండి, చేత్తో పెట్టినది మళ్లీ కట్టేటప్పుడు గుర్తుండదు.

చివర్లో ఇన్‌స్టలేషన్ డిస్కు తీసి ఎంటర్ కొట్టమంటుంది. ఉత్త ఎంటర్ చాలు.

దారులు: ఏ పోర్టు ఎక్కడికి వెళ్తుంది

వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్‌కి ఐదారు పద్ధతులున్నాయి. చాలామంది బ్రిడ్జ్‌డ్ పెట్టుకోమంటారు. అందులో వీఎంకి మీ రూటర్ నుంచి సొంత ఐపీ వస్తుంది. ఇంట్లో ఒకే వైఫై ఉంటే బాగానే ఉంటుంది. కానీ మన పని అలా ఉండదు కదా. పొద్దున ఇంటి వైఫై, మధ్యాహ్నం క్లయింటు గోడౌన్‌లో వాళ్లది, బస్సులో ఫోన్ హాట్‌స్పాట్. ప్రతిసారీ ఐపీ మారిపోతుంది, ప్రతిసారీ వెతుక్కోవాలి. అందుకే నేను వర్చువల్‌బాక్స్ మొదటే ఇచ్చే నాట్ పద్ధతినే (వీఎం లాప్‌టాప్ వెనక ఉండి దాని నెట్‌నే వాడుకునేది) ఉంచి, దానికి రెండు పోర్టులు, అంటే నెట్‌వర్క్ తలుపులు తెరుస్తాను. బయట ఏ నెట్ ఉన్నా, అసలు నెట్టే లేకపోయినా అది మారదు.

నాట్‌లో వీఎంకి మామూలుగా 10.0.2.15 అన్న చిరునామా వస్తుంది. అది వర్చువల్‌బాక్స్ లోపలి చిరునామా, బయటివాళ్లకి కనపడదు. వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, మొదటి అడాప్టర్, పోర్ట్ ఫార్వర్డింగ్ దగ్గరికి వెళ్లి రెండు నియమాలు రాయండి. ఇక్కడ హోస్ట్ అంటే మీ లాప్‌టాప్, గెస్ట్ అంటే వీఎం. ఎస్‌ఎస్‌హెచ్ కోసం హోస్ట్ పోర్టు 2222, గెస్ట్ పోర్టు 22. వెబ్ కోసం హోస్ట్ పోర్టు 8000, గెస్ట్ పోర్టు 8000. రెండింటికీ హోస్ట్ ఐపీ గడిలో 127.0.0.1 వేయండి. అప్పుడు ఆ దారులు మీ లాప్‌టాప్‌కే తెలుస్తాయి, కాఫీ షాపు వైఫైలో పక్క టేబుల్ మనిషికి తెలియవు. గెస్ట్ ఐపీ ఖాళీగా వదిలేయండి.

ఫోన్‌లో పేజీ ఎలా కనిపిస్తుందో చూడాలనుకున్నప్పుడు మాత్రం వెబ్ నియమంలో హోస్ట్ ఐపీ తీసేసి, విండోస్ ఫైర్‌వాల్ అడిగితే అనుమతించి, ఫోన్ బ్రౌజర్లో లాప్‌టాప్ ఐపీ కొట్టండి. చూడటం అయిపోయాక 127.0.0.1 తిరిగి పెట్టేయండి.

వీఎం కిటికీ మూసి, కోడ్ ఎడిటర్ తెరవండి

ఇక ఆ నల్ల కిటికీలో పని చేయక్కర్లేదు. వీఎంని "హెడ్‌లెస్ స్టార్ట్" తో మొదలుపెడితే కిటికీ లేకుండా వెనకాల నడుస్తుంది. విండోస్ 10, 11 లో ఎస్‌ఎస్‌హెచ్ ముందే ఉంటుంది కాబట్టి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లోకల్‌హోస్ట్ చిరునామాకి, 2222 పోర్టుకి, మీ యూజర్ పేరుతో కనెక్ట్ అవ్వండి.

వీఎస్ కోడ్‌లో "రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్" అన్న ఎక్స్‌టెన్షన్ వేసుకుని అదే చిరునామా ఇస్తే, ఎడిటర్ విండోస్‌లో కనిపిస్తుంది, ఫైళ్లూ టెర్మినలూ మాత్రం వీఎం లోపలివి. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే బాధ లేకుండా ఒక ఎస్‌ఎస్‌హెచ్ కీ తయారు చేసి, దాని పబ్లిక్ భాగాన్ని వీఎంలో ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో అతికించండి. ఆ ఫైలుకి 600, దాని ఫోల్డరుకి 700 అనుమతులు ఉండాలి. వేరేవాళ్లు వాటిలో రాయగలిగేంత వదులుగా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఏమీ చెప్పకుండానే కీని పక్కనపెట్టి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

కోడ్ ఎక్కడ ఉంచాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. వర్చువల్‌బాక్స్‌లో షేర్డ్ ఫోల్డర్ సౌకర్యం ఉంది. విండోస్‌లో ఫోల్డరు, అదే వీఎంలోనూ కనిపిస్తుంది. చూడటానికి సులువుగా ఉంటుంది, వాడితే ఇబ్బందులు వరస కడతాయి. మామూలుగా అందులో సిమ్‌లింకులు (ఇంకో ఫైలుకి దారి చూపే ఫైళ్లు) పని చేయవు, నోడ్ ప్యాకేజీలు వేసే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది. వేల చిన్న ఫైళ్లు చదవాల్సి వస్తే నెమ్మది. విండోస్ వైపు ఫైలు సేవ్ చేసినా ఆ కబురు వీఎంకి చేరదు కాబట్టి, మార్పు చూసి తమంతట తాము రీలోడ్ కావాల్సినవి ఊరుకుంటాయి. పైగా పెద్ద అక్షరం, చిన్న అక్షరం చిక్కు ఇంకా అక్కడే ఉంటుంది, ఎందుకంటే అడుగున ఉన్నది విండోస్ డిస్కే. నా ఫొటోలు పోయిన దారి అదే కదా.

కాబట్టి కోడ్ వీఎం లోపల మీ హోమ్ ఫోల్డర్లోనే ఉండాలి. రోజు చివర, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో బయటి రిపాజిటరీకి, అంటే వేరే చోట ఉన్న కోడ్ నిల్వకి పుష్ చేయాలి.

పైథాన్, మైఎస్‌క్యూఎల్, మన అక్షరాలు

నా అప్లికేషన్ జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది కాబట్టి దానికి కావాల్సినవి చెబుతాను. పీహెచ్‌పీ, నోడ్ వాడేవాళ్లు ఈ జాబితా మార్చుకోండి, పద్ధతి అదే. ముందు "సుడో ఆప్ట్ అప్‌డేట్", తర్వాత "సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్". ఆ తర్వాత గిట్, పైథాన్ వెన్వ్, పైథాన్ డెవ్, బిల్డ్ ఎసెన్షియల్, పీకేజీ కాన్ఫిగ్, మైఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ క్లయింట్ డెవలప్‌మెంట్ లైబ్రరీ. చివరి రెండిటికీ తేడా ఉంది. మొదటిది డేటాబేస్, రెండోది లేకపోతే పైథాన్ నుంచి ఆ డేటాబేస్‌తో మాట్లాడే ప్యాకేజీ కంపైల్ కాదు.

24.04 లో పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో నేరుగా ఏదైనా వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అంటూ ఆపేస్తుంది. సిస్టమ్ వాడే పైథాన్‌ని మనం చెడగొట్టకుండా పెట్టిన అడ్డు అది. నెట్‌లో వెతికితే ఆ అడ్డుని తొలగించే ఆప్షన్ దొరుకుతుంది, వాడకండి. ప్రాజెక్టు ఫోల్డర్లో వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్) తయారు చేసుకుని అందులో వేసుకోండి.

ఇప్పుడు డేటాబేస్. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ రూట్‌కి పాస్‌వర్డ్ అడగదు, "సుడో మైఎస్‌క్యూఎల్" అంటే లోపలికి పంపుతుంది. అప్లికేషన్‌కి రూట్ ఇవ్వకుండా, ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కులున్న వేరే యూజర్ని తయారు చేయండి. డేటాబేస్ సృష్టించేటప్పుడు క్యారెక్టర్ సెట్ (అక్షరాల అమరిక) యూటీఎఫ్8ఎంబీ4 అని పేరు పెట్టి చెప్పండి. తెలుగు అక్షరాలు పట్టే అమరిక అది. మైఎస్‌క్యూఎల్ 8 లో చెప్పకపోయినా అదే వస్తుంది, 5.7 దాకా చెప్పకపోతే లాటిన్1 వచ్చేది. చెప్పేస్తే ఏ సర్వర్లో కట్టినా ఒకేలా ఉంటుంది.

ఇది ఎందుకింత ముఖ్యమో ఒక్క పదం తీసుకుని చూద్దాం. "శ్రీకాకుళం" అన్న మాటలో మన కంటికి కనిపించేవి నాలుగే: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్‌కి అవి పది: శ, దాని కింద పొల్లు, ర, దీర్ఘపు గుడి, క, దీర్ఘం, మళ్లీ క, కొమ్ము, ళ, సున్న. యూటీఎఫ్8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం ముప్పై. లాటిన్1కి ఈ పదిలో ఒక్కటీ తెలియదు. ఇలాంటప్పుడు మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఆ మోడ్ తీసేసి ఉంటే తెలియని ప్రతి గుర్తుకీ ఒక ప్రశ్న గుర్తు రాసేసి ముందుకెళ్లిపోతుంది. పది ప్రశ్న గుర్తులు అలా వచ్చాయి. ఒకసారి అలా రాసేశాక అసలు పేరు ఎక్కడా మిగలదు, ఏ అమరిక మార్చినా తిరిగి రాదు. పలాస ఆయన రైతుల పేర్లన్నీ పాత చిట్టా పుస్తకం చూసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని నేనే టైప్ చేశాను.

ఇదే లెక్క కాలమ్ సైజుకీ వర్తిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌క్యార్ 20 అంటే ఇరవై గుర్తులు. ఇంగ్లీషు పేరుకి చాలనిపించేది తెలుగు పేరుకి చాలదు. మనుషుల పేర్లకి, ఊళ్ల పేర్లకి వందకి తగ్గకుండా పెట్టండి.

టైము దగ్గర నా సలహా: వీఎం గడియారాన్ని మన టైముకి మార్చకండి, సర్వర్లాగే యూటీసీలోనే వదిలేయండి. జాంగో సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ ఏషియా స్లాష్ కోల్‌కతా అని పెట్టి, యూజ్ టీజెడ్‌ని ట్రూగా ఉంచండి. డేటాబేస్‌లో యూటీసీ ఉంటుంది, తెర మీద మన టైము ఉంటుంది. వీఎం మన టైములో ఉంటే మార్చాల్సిన చోట మార్చకపోయినా మీకు తెలియదు. యూటీసీలో ఉంటే ఐదున్నర గంటల తేడా మొదటి రోజే కళ్లకి కొడుతుంది.

మొదటిసారి తెరిచినప్పుడు

అన్నీ పెట్టాక జాంగోలోనే ఉండే చిన్న వెబ్ సర్వర్ రన్‌సర్వర్‌ని మొదలుపెడతారు. టెర్మినల్లో నడుస్తోందని చెబుతుంది. విండోస్ బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 8000 కొడితే పేజీ రాదు. నా దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరూ ఇక్కడ ఆగారు.

కారణం ఇది. రన్‌సర్వర్ మామూలుగా 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. ఆ చిరునామాకి అర్థం "ఈ మెషీన్ లోపలి వాళ్లే". వీఎంకి తన 127.0.0.1 వేరు, మీ విండోస్ 127.0.0.1 వేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ ద్వారా వచ్చే పిలుపు వీఎంలో 10.0.2.15 తలుపు దగ్గరికి చేరుతుంది, అక్కడ వినేవాళ్లు లేరు. రన్‌సర్వర్ తర్వాత ఒక ఖాళీ ఇచ్చి 0.0.0.0:8000 అని రాయండి. అంటే అన్ని తలుపుల దగ్గరా విను అని.

వీఎస్ కోడ్ ఈ మధ్యలో దూరి, తానే వేరే దారి తెరిచి, లోకల్‌హోస్ట్ 8001లో చూపించొచ్చు. 8000 పని చేయకుండా 8001 పని చేస్తుంటే అది మీ ఫార్వర్డింగ్ నియమం వల్ల వచ్చింది కాదని గుర్తుపట్టండి. ఫోన్ నుంచి తెరిచినప్పుడు "డిస్‌అలౌడ్ హోస్ట్" అని వస్తే, సెట్టింగ్స్‌లో అలౌడ్ హోస్ట్స్ జాబితాకి మీ లాప్‌టాప్ ఐపీ చేర్చాలి.

పారేసి మళ్లీ కట్టడం

ఉబుంటు ఎక్కించి, అప్‌డేట్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టాక, ఇంకా ప్రాజెక్టు మొదలుపెట్టక ముందు ఒక స్నాప్‌షాట్, అంటే వీఎం ఆ క్షణంలో ఉన్న స్థితికి నకలు తీయండి. దానికి "ఖాళీ" అని పేరు పెట్టండి. ఏదైనా ప్రయోగం చేసి చెడగొట్టుకుంటే నిమిషంలో అక్కడికి తిరిగి రావచ్చు. స్నాప్‌షాట్లు రెండు మూడు చాలు. పెరిగేకొద్దీ డిస్కూ పెరుగుతుంది, వేగమూ తగ్గుతుంది.

కానీ స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోకండి. అది అదే లాప్‌టాప్‌లో, అదే డిస్కు మీద ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. కాశీబుగ్గలో నా మిత్రుడి గదిలోకి వాన కొట్టి డెస్క్‌టాప్ తడిసిపోయింది. అందులో వీఎం ఉంది, దాని స్నాప్‌షాట్లు పది ఉన్నాయి. పదీ దాంతోపాటే పోయాయి. మిగిలింది అతను అంతకు ముందు వారం గిట్‌కి పుష్ చేసిన కోడ్ మాత్రమే.

అందుకే పనిలో దాచుకోవాల్సినవి మూడే. కోడ్, గిట్‌లో. డేటాబేస్, వారానికోసారి మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో మొత్తం ఒక ఫైలుగా (డంప్) తీసి బయట ఎక్కడైనా. మూడోది, వీఎంని కట్టే స్క్రిప్టు. పైన చేత్తో వేసిన ప్యాకేజీల జాబితా, డేటాబేస్ సృష్టించే ఆదేశాలు, వెన్వ్ తయారీ, అన్నీ ఒక షెల్ స్క్రిప్టులో వరసగా రాసి, కోడ్‌తోపాటు అదే రిపాజిటరీలో పెట్టండి. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకండి, వాటిని గిట్‌లోకి వెళ్లని వేరే ఫైల్లో ఉంచండి. ఆ స్క్రిప్టుని విండోస్ ఎడిటర్లో ఎప్పుడైనా ముట్టుకుంటే వరస చివర కనపడని గుర్తు ఒకటి చేరి, లినక్స్ "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటుంది. వీఎస్ కోడ్ కింద మూలన సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉంటే ఎల్‌ఎఫ్‌కి మార్చండి.

బృందంలో నలుగురైదుగురు ఉంటే ఈ స్క్రిప్టు పైన వేగ్రెంట్ వాడుకోవచ్చు. మెషీన్ తయారీ, పోర్టులు, ప్యాకేజీలు అన్నీ ఒకే ఫైల్లో రాసి, "వేగ్రెంట్ అప్" అంటే అదే కట్టేస్తుంది. ఒక్కరే అయితే షెల్ స్క్రిప్టు చాలు. అందులో ప్రతి వరసా మీకు అర్థమవుతుంది.

యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద పని చేసేవాళ్లకి ఒక జాగ్రత్త. కరెంటు పోయినప్పుడు వీఎం రాస్తూ ఉంటే దాని డిస్కు ఫైలు పాడయ్యే అవకాశం ఉంది. భోజనానికి లేచేటప్పుడు కూడా "సేవ్ ద మెషీన్ స్టేట్" పెట్టి మూయండి. తిరిగి వచ్చాక అన్నీ తెరిచి ఉంచినట్టే ఉంటాయి.

స్క్రిప్టు రాశాక ఒక శనివారం సాయంత్రం కూర్చుని డేటాబేస్ డంప్ తీసి, కోడ్ పుష్ చేసి, వీఎంని "ఖాళీ" స్నాప్‌షాట్‌కి తిప్పేయండి. గిట్ నుంచి కోడ్ తెచ్చి, స్క్రిప్టు నడిపి, డంప్ ఎక్కించండి. మొదటిసారి తప్పకుండా ఏదో ఒకటి ఆగుతుంది. చేత్తో చేసి మర్చిపోయిన ఆ పనిని స్క్రిప్టులో చేర్చి, మళ్లీ తిప్పి, మళ్లీ నడపండి. చెయ్యి పెట్టకుండా చివరిదాకా వెళ్లేవరకూ.

వెళ్లాక మూడు పరీక్షలు చేయండి. ఊరి పేరు గడిలో "శ్రీకాకుళం" అని ఎక్కించి, మైఎస్‌క్యూఎల్‌లో క్యార్ లెంగ్త్ (గుర్తుల లెక్క) అడగండి, పది రావాలి. ఉత్త లెంగ్త్ (బైట్ల లెక్క) అడిగితే ముప్పై రావాలి. యూటీసీ రాత్రి పదకొండు గంటల టైముతో ఒక బిల్లు సృష్టించి తెర మీద చూడండి, మర్నాటి తేదీతో, తెల్లవారుజాము నాలుగున్నర అని కనిపించాలి. ఒక ఫొటో పేరులో మొదటి అక్షరం పెద్దది చేసి పేజీ తెరవండి. ఈసారి ఫొటో రాకూడదు.